రేషమ్‌కు తుర్షీ, సూత్‌కు నమక్

పోయిన రంజాన్ ఆఖరి అష్రాలో చికాగో నుంచి మా భాంజీ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. స్టవ్ మీద స్టీలు గిన్నె, అందులో ఎర్రటి నీళ్లు, నీళ్లలో సగం మునిగిన తెల్ల సిల్కు దుపట్టా. పక్కన చింపిన చిన్న పొట్లాలు నాలుగు. "మామూ, షర్బత్ పొడితో దుపట్టాకు రంగేస్తున్నా, ఈద్‌కి. ఇక్కడి అమ్మాయిలు చేస్తుంటే చూసి నేర్చుకున్నా" అని కింద రాసింది. పొట్లాల మీద కూల్-ఎయిడ్ అని ఉంది.

ఫోటో తీసుకెళ్లి అమ్మీకి చూపించాను. నవ్వుతుందనుకున్నా. అమ్మీ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "మా అమ్మా చేసింది ఇదే కదా. పిల్లకి ఎవరూ చెప్పలేదా?" అంది.

ఎవరు చెప్తారు? చెప్పకూడదని మా ఖాన్‌దాన్‌లో ఎప్పుడో తీర్మానం అయిపోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ పొట్లం తారీఖ్ చెప్పాలి, ఎందుకంటే నానీ కథకూ ఆ పొట్లానికీ మధ్య నేను అనుకోని రిష్తా ఒకటి బయటపడింది.

కూల్-ఎయిడ్ అంటే అమెరికా వాళ్లకు మన రస్నా లాంటిది. నెబ్రాస్కా రాష్ట్రంలో హేస్టింగ్స్ అనే ఊళ్లో ఎడ్విన్ పెర్కిన్స్ అనే ఆయన ఉండేవాడు. పోస్టులో సరుకులు పంపి అమ్మడం ఆయన తిజారత్. ఫ్రూట్ స్మాక్ అనే పళ్ల షర్బత్‌ను సీసాల్లో పోసి పంపేవాడు. సీసాలు బరువు, పైగా దారిలో పగిలేవి. నీళ్లు తీసేసి పొడి మాత్రం మిగిలిస్తే కవర్లో పెట్టి పంపొచ్చు కదా అనుకున్నాడు. 1927లో అట్లా పుట్టింది ఈ పొట్లం. మొదట ఆరు రుచులు: చెర్రీ, ద్రాక్ష, నిమ్మ, నారింజ, రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీ. పొట్లం 10 సెంట్లు. 1930లలో మాంద్యం వచ్చి జనం చేతుల్లో డబ్బు లేకుండా పోతే ధర సగానికి, 5 సెంట్లకు తగ్గించాడు. గరీబ్ ఇళ్ల పిల్లలు కూడా తాగగలిగారు. 1931లో కార్ఖానాను చికాగోకు మార్చాడు. మా భాంజీ రోజూ తిరిగే శహరే అది, ఆమెకా సంగతి తెలియదు. 1953లో జనరల్ ఫుడ్స్ కంపెనీకి అమ్మేశాడు.

ఆ పొట్లంలో చక్కెర ఉండదు. ఇంట్లో కలుపుకోవాలి. ఉండేది ముఖ్యంగా మూడు: పులుపు కోసం సిట్రిక్ యాసిడ్, అంటే మన నిమ్మ ఉప్పు, వాసన, రంగు. చక్కెర లేకపోవడమే రంగేసేవాళ్లకు పనికొచ్చింది. చక్కెర ఉంటే బట్ట జిగటవుతుంది, చీమలు పడతాయి. పులుపూ రంగూ ఒకే పొట్లంలో రెడీగా ఉన్నాయి కాబట్టి అమెరికా తల్లులు దీన్ని పిల్లల ఆట రుమాళ్లకు వాడుతున్నారు. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వాల్డార్ఫ్ అనే బడి ఒకటి మొదలైంది. ఆ పద్ధతిలో పిల్లల్ని పెంచేవాళ్లు ప్లాస్టిక్ బొమ్మలకు బదులు పల్చటి సిల్కు రుమాళ్లు ఇస్తారు. పిల్లలు వాటిని తలపాగా చేసుకుంటారు, నది అంటారు, డేరా అంటారు. తెల్ల రుమాళ్లు కొని ఇంట్లోనే రంగేస్తే చవక. పిల్లాడు నోట్లో పెట్టుకున్నా ఖతరా లేదు, వంట గిన్నెలోనే కాచుకోవచ్చు. తరీఖా కూడా సాదా. సిల్కును అరగంట నీళ్లలో నానబెట్టాలి. రెండు మూడు పొట్లాలు వేడి నీళ్లలో కలిపి బట్ట ముంచాలి. మరగనివ్వకుండా సన్నటి సెగ మీద ఇరవై ముప్పై నిమిషాలు ఉంచాలి. మంచి రంగైతే నీళ్లలో ఉన్నదంతా బట్టలోకి పోయి గిన్నెలో దాదాపు తెల్లటి నీళ్లే మిగులుతాయి.

ఇదే పని నూలు బట్టతో చేస్తే? రెండు సార్లు జాడిస్తే అంతా పోతుంది. లేత మరక మిగిలితే మిగిలినట్టు. నూలు చెట్టు నుంచి వచ్చింది. పట్టు పురుగు నుంచి వచ్చింది. మన వెంట్రుక లాగా, ఉన్ని లాగా అదీ ప్రోటీనే. పులుపు నీళ్లలో పట్టు పోగు మీద ధన విద్యుదావేశం పెరుగుతుంది, ఈ రంగుల మీద ఉండేది రుణావేశం. రెండూ పట్టుకుంటాయి. నూలు పోగుకు ఆ గుణం లేదు. పులుపుతో ఎక్కే ఈ జాతి రంగులన్నిటికీ కెమిస్ట్రీలో యాసిడ్ రంగులనే పేరు.

మా నానీకి ఈ మాటలేవీ తెలియవు. ఆమె అనేది ఒకటే: "రేషమ్ కో తుర్షీ, సూత్ కో నమక్." పట్టుకు పులుపు, నూలుకు ఉప్పు.

వరంగల్‌లో నానీ ఇల్లు రెండు గదులది, వెనక చిన్న ఆంగన్. మా నానా ఆజంజాహీ మిల్లులో నేత సెక్షన్‌లో పని చేశారు. 1934లో నిజాం హయాంలో వచ్చిన మిల్లు అది, చిన్న షాహ్‌జాదా కాదు, పెద్ద షాహ్‌జాదా ఆజం జాహ్ పేరు పెట్టారు. నానా జ్వరంతో పోయేసరికి అమ్మీకి ఎనిమిదేళ్లు, కింద ఇంకో ఇద్దరు. నానీ పర్దా పాటించే మనిషి, బజారుకు పోయి కూలీ చేసే దారి లేదు. దుపట్టాలు ఆమె దగ్గరికి వచ్చేవి. మొహల్లా ఆడవాళ్లు బస్తాలో చుట్టి పిల్లలతో పంపేవారు. పెళ్లిళ్ల సీజన్లో, ఈద్‌కు ముందు, ఆంగన్ నిండా తాళ్ల మీద ఆరేవి. ప్యాజీ, ధానీ, ఊదా, ఫీరోజీ, ఉన్నాబీ. నేను చూసేనాటికి నానీ ముసలిదైపోయింది, ఎప్పుడో ఒకటి అరా వేసేది. రంగు పుడియాలు అత్తార్ దుకాణంలో దొరికేవి, కాయితంలో మడిచినవి. పట్టయితే నిమ్మకాయ పిండేది, లేకపోతే సిర్కా. నూలైతే గుప్పెడు రాళ్ల ఉప్పు. ఆ దేగ్చీలో అన్నం మాత్రం ఎప్పుడూ వండలేదు. కట్టె మీద ఎర్ర గుడ్డ కట్టి విడిగా పెట్టేది, పిల్లలెవరూ పొరపాటున ముట్టుకోకుండా.

ఆ రంగుల పేర్లు మళ్లీ చూడండి. ప్యాజీ అంటే ఉల్లిపాయ. జామునీ నేరేడు. బాదామీ, పిస్తయీ, నారంజీ, అంగూరీ. ఉన్నాబీ అంటే ఎండు రేగుపండు. తెలుగు ఇళ్లలోనూ ఇంతే కదా: వంకాయ రంగు, మామిడి చిగురు రంగు, ఉల్లిపొర రంగు. అక్బర్ తోషాఖానాలో శాలువలకు ఉన్న రంగులను అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో జాబితా వేశాడు. అందులో బాదం రంగు ఉంది, ద్రాక్ష రంగు ఉంది, తేనె రంగు ఉంది. పెర్కిన్స్ పొట్లంలోనూ ద్రాక్ష ఉంది. బట్ట రంగును తినే వస్తువుతో పిలవడం మనుషులకు పాత అలవాటు. తినే రంగును బట్టకు వేయడం అంత వింత కాదేమో అని నాకు అక్కడే మొదటి షక్ కలిగింది.

నానీ మాటలో రెండు సగాలున్నాయి. రెండింటి ఉమ్ర్ ఒకటి కాదు. జర్నలిస్టు అలవాటు కొద్దీ వెతికాను.

తుర్షీ సగం చాలా పాతది. కుసుమ పువ్వు తెలుసు కదా, మన తాండూరు వైపు నల్లరేగళ్లలో నూనె కోసం వేస్తారు. ఆ పూరేకుల్లో రెండు రంగులుంటాయి. పసుపు నీళ్లలో కడిగితే పోతుంది. ఎరుపు పోదు, బూడిద నీళ్లు లాంటి క్షారంలో నానబెడితేనే దిగుతుంది. ఆ నీళ్లలో నిమ్మరసం పిండగానే ఎరుపు నీళ్లను వదిలి బట్టను పట్టుకుంటుంది. గులాబీ నుంచి దానిమ్మ పువ్వు దాకా ఎన్ని ఛాయలు కావాలంటే అన్ని, ఎన్నిసార్లు ముంచితే అంత. చూస్తే జాదూ లాగా ఉంటుంది. కుసుమ రంగు బట్టల మాట హదీసుల్లోనూ వస్తుంది, మగవాళ్లకు వద్దని. అంటే ఆ రోజుల్లోనే అరబ్బులో అది అంత మామూలు రంగు. అయితే కుసుమ కచ్చా రంగు. ఎండకు వెలుస్తుంది, సబ్బుకు పోతుంది. అందుకే మన పెద్దవాళ్ల ఇళ్లల్లో దుపట్టాకు ఒక్కసారి రంగేసి ఊరుకోవడం ఉండేది కాదు. ఉతకడం, మళ్లీ రంగడం, కలఫ్ పెట్టడం, చున్నట్లు తీయడం. కొత్త దుపట్టా కొనే తాఖత్ లేని ఇంట్లో కూడా ఈద్‌కు కొత్త రంగు ఉండేది.

పక్కా రంగు వేరే దునియా. దాని రాజధాని మన తీరమే. గోల్కొండ సుల్తానుల బందరు మచిలీపట్నంలో 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు కోఠీలు పెట్టుకున్నది వజ్రాల కోసం కంటే బట్టల కోసం. ఆ బట్టల మీది ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది, ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. కరక్కాయ, బర్రె పాలు, పటిక, ఆ తర్వాత చిరివేరు. ఎండలో ఉతికే కొద్దీ ఎరుపు తేలేది గాని వెలిసేది కాదు. యూరప్ వాళ్లకు ఆ రహస్యం కావాలి. 1742లో పాండిచ్చేరిలో ఉన్న ఫాదర్ కూర్దూ అనే ఫ్రెంచి పాదిరి, తన దగ్గర క్రైస్తవంలో కలిసిన రంగులవాళ్లను అడిగి మొత్తం తరీఖా ఫ్రాన్స్‌కు ఉత్తరంగా రాశాడు. మెహనత్ వీళ్లది, రాసినవాడి పేరు మిగిలింది. ఆ ఉత్తరంలో చెప్పినవాళ్ల పేర్ల కోసం వెతకడం దండగ. వాళ్ల ఇళ్లల్లో పటిక నూరిన ఆడవాళ్ల మాట ఇక సరేసరి.

ఇక్కడ ఇంకో పెర్కిన్ వస్తాడు. ఇతని పేరు చివర 'స్' లేదు. 1856లో లండన్‌లో విలియం హెన్రీ పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఈస్టర్ సెలవుల్లో ఇంట్లోనే, కోల్ తార్ నుంచి క్వినైన్ తయారు చేద్దామని కూర్చున్నాడు. మలేరియా మందు కోసం సల్తనత్ అంతా తహతహలాడుతున్న రోజులవి. (ఆ మలేరియా దోమ నుంచే వస్తుందన్న గుట్టును రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే పట్టుకున్నాడు. అదే ఏడు జర్మనీ బీఏఎస్ఎఫ్ కంపెనీ కార్ఖానా నీలిని బజారులోకి దింపింది. మన కడప, నెల్లూరు నీలిమందు పొలాలకు కాలం దగ్గర పడింది.) పెర్కిన్‌కు క్వినైన్ రాలేదు, నల్లటి మడ్డి వచ్చింది. దాన్ని సారాయితో కడిగితే ఊదా రంగు తేలింది. ఆ కుర్రాడు దాన్ని మొదట పరీక్షించింది పట్టు ముక్క మీద. రంగు నిలిచింది. స్కాట్లాండ్‌లోని రంగు కార్ఖానాకు నమూనా పంపాడు. పట్టుకు బాగా ఎక్కుతోంది గాని నూలుతోనే తంటా అని తేలింది. నానీ వాక్యంలోని రెండు సగాల మధ్య ఫర్ఖ్ అతనికి మొదటి రోజే ఎదురైంది.

1868లో జర్మనీలో గ్రేబే, లీబర్‌మాన్ కలిసి అలిజరిన్‌ను లాబొరేటరీలో తయారు చేశారు. చిరివేరులో ఉన్న ఎరుపు అదే. కొద్ది ఏళ్లలోనే వేరు తవ్వేవాళ్ల బతుకు పోయింది. కానీ చూడండి, చీరాల, పుట్టపాక నేతగాళ్లు ఆ కార్ఖానా అలిజరిన్‌నే తీసుకుని, నూనెలో ఆముదపు కాయ బూడిదలో నానబెట్టిన నూలుకు ఎక్కించి తేలియా రుమాలు నేశారు. అవి అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా పోయాయి. విలాయతీ రంగు అనగానే మనవాళ్ల హునర్ చచ్చిపోయిందని రాసేయడం తేలిక. చేతులు మాత్రం కొత్త సరుకుతో కూడా పని చేస్తూనే ఉన్నాయి.

ఇక 1884. ఆ ఒక్క ఏడాదిలో నాకు కావాల్సిన రెండు రంగులూ దొరికాయి. ఒకటి కాంగో రెడ్. పటిక, కరక్కాయ ఏమీ లేకుండా నేరుగా నూలును పట్టుకున్న మొదటి కార్ఖానా రంగు అది. ఆ జాతి రంగులు నూలులోకి బాగా దిగడానికి వాడేది ఉప్పు. అంటే నానీ మాటలోని "సూత్ కో నమక్" అనే సగం 1884 కంటే పాతది అయ్యే అవకాశం లేదు! ముత్తాతల నుంచి వచ్చిన సామెత అనుకున్నాను నేను. కాదు. పుడియా రంగు మన బజార్లకు వచ్చాక, ఎవరో ఆడవాళ్లు తమ ఆంగన్లలో చేసి చూసి, చెడగొట్టుకుని, మళ్లీ చేసి, పాత తుర్షీ మాటకు కొత్త నమక్ మాట అతికించారు. ఏ కంపెనీ మేస్త్రీ వచ్చి వాళ్లకు చెప్పి ఉంటాడు, పర్దా వెనకకు? ఇది నాకు కుసుమ జాదూ కంటే పెద్ద విషయం అనిపించింది.

రెండోది టార్ట్రజిన్, నిమ్మపండు పసుపు. అదీ 1884లోనే, ఉన్నికి, పట్టుకు వేసే రంగుగా పుట్టింది. తర్వాత ఏమైందో చూడండి. ఈ బట్ట రంగులు మిఠాయిల్లోకి, జామ్‌లోకి, వెన్నలోకి దూరాయి. పళ్ల నుంచి తీసే రంగు కంటే ఇవి చవక, తళతళ ఎక్కువ. అమెరికాలో ఏది పడితే అది కలుపుతుంటే 1906లో చట్టం వచ్చింది. ఎనభై దాకా రంగులను వడగట్టి, 1907లో ఏడింటికి మాత్రమే తిండిలో వాడటానికి ఇజాజత్ ఇచ్చారు. టార్ట్రజిన్ కూడా తర్వాత ఆ జాబితాలో చేరింది. ఇవాళ కూల్-ఎయిడ్ లాంటి పొడులు, మన జిలేబీలు, జర్దా, అన్నిటిలో ఆ కుటుంబానికి చెందిన రంగులే. ఎరుపుకు వాడే అల్యూరా రెడ్ 1971లో వచ్చింది. అది మొదటి నుంచీ తిండి కోసమే తయారైంది గాని నిర్మాణంలో అక్కచెల్లెళ్లే.

కాబట్టి మా భాంజీ షర్బత్‌ను బట్టకు వేయలేదు. బట్ట రంగు నూరేళ్ల కిందట షర్బత్‌లోకి పోయింది, ఆమె దాన్ని తిరిగి పట్టు దగ్గరికి తెచ్చింది.

అన్ని రంగులూ ఇట్లా ఇజాజత్ తీసుకుని రావు. రోడమిన్ బి అనే గులాబీ రంగు బట్టలకు వాడేది. దాన్ని పీచు మిఠాయిలో కలుపుతున్నారని 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు పీచు మిఠాయి అమ్మకాన్నే ఆపేశాయి, మార్చిలో కర్ణాటక కూడా చర్య తీసుకుంది. పసుపులో, లడ్డూలో మెటానిల్ ఎల్లో కలపడం ఇంకా పాత బీమారీ. మన దేశంలో తిండికి ఇజాజత్ ఉన్న కార్ఖానా రంగులు ఎనిమిదే. బిర్యానీకి, జర్దాకు విడిగా తూచి ఇచ్చే రంగు పొడి కొంటున్నారా, డబ్బా మీద పేరు రాసి ఉన్నది కొంటున్నారా, ఒకసారి చూసుకోండి. నానీ ఆ దేగ్చీకి ఎర్ర గుడ్డ ఎందుకు కట్టిందో ఇప్పుడు అర్థమవుతుంది. అమెరికాలోనూ ఈ పేచీ నడుస్తోంది: కూల్-ఎయిడ్ ఇప్పుడు క్రాఫ్ట్ హైంజ్ కంపెనీది, తమ సరుకుల్లోంచి 2027 ఆఖరుకల్లా ఇట్లాంటి రంగులు తీసేస్తామని 2025లో ప్రకటించింది. తాగేవాళ్లకు మంచిదే. రుమాళ్లు రంగేసుకునే తల్లులు మాత్రం వేరే పొట్లం వెతుక్కోవాలి.

ఇప్పుడు నానీ సంగతి.

అమ్మీకి రిష్తాలు వచ్చే వయసు వచ్చింది. మా పెద్ద మామూ అప్పటికి చిన్న సర్కారీ నౌకరీలో చేరారు. ఆయన నానీతో అన్నారట: ఇక రంగాయీ బంద్ చెయ్యి, అడిగినవాళ్లకు సిలాయీ చేస్తుందని చెప్తాం. కుట్టుపనికి ఇజ్జత్ ఉంది, షరీఫ్ ఇళ్ల ఆడవాళ్ల పని. రంగాయీ అంటే రంగ్రేజుల పని. ఖురాన్‌లో సిబ్గతుల్లా అనే మాట ఉంది, అల్లాహ్ రంగు అని. మనం పిల్లలకు ఆ పేరు పెట్టుకుంటాం. అదే మాట నుంచి వచ్చిన సబ్బాగ్, అంటే రంగులవాడు, అరబ్బుల్లో ఖాన్‌దాన్ పేరు. మన దగ్గర మాత్రం ఇంట్లో రంగ్రేజ్ ఉందంటే రిష్తా వెనక్కి పోతుంది. మసావాత్ గురించి జుమ్మా బయాన్‌లో వింటాం, బయటికి రాగానే ఎవరి చెప్పులు వాళ్లకు.

మా నాన్న తరఫు వాళ్లు చూడటానికి వచ్చిన రోజు నానీ వేళ్లకు, గోళ్లకు ఊదా రంగు. రాయితో తోమినా పోలేదు. చిక్కటి మెహందీ పెట్టి కప్పేశారు. వితంతువు చేతులకు మెహందీ ఏమిటని వచ్చినవాళ్లలో ఒకావిడ అడిగిందట. తలనొప్పి, వేడి చేసింది, హకీమ్ సాబ్ పెట్టమన్నారు అని అబద్ధం చెప్పారు. అమ్మీ ఈ ముచ్చట నాకు మొన్న ఫోటో చూశాక చెప్పింది. యాభై ఏళ్ల తర్వాత.

నా కసూర్ కూడా ఉంది. నానీ ఇంతెకాల్ అయ్యాక, డిగ్రీలో ఉన్నప్పుడు, కాలేజీ సంచికకు ఆమె మీద ఒక పేజీ రాశాను. ఉర్దూ మీడియంలో చదివి వచ్చి తెలుగులో రాసిన నా మొదటి వ్యాసం అది. నానీ కుట్టుపని చేసి పిల్లల్ని పెంచింది అని అందులో ఉంది. నాకు నిజం తెలుసు. ఆంగన్‌లో ఆరిన దుపట్టాల కింద పరుగెత్తినవాణ్ణి, నెత్తి మీద రంగు చుక్కలు పడితే నవ్వుకున్నవాణ్ణి. అయినా కుట్టుపని అనే రాశాను. పాదిరి రంగులవాళ్ల పేర్లు రాయలేదని పైన మాట అన్నాను కదా, నాకు ఆ హక్కు ఎంతుందో మీరే చూసుకోండి.

ఫోటో వచ్చిన రెండో రోజు అమ్మీ ట్రంకు తెరిచింది. నానీవి మూడు గుడ్డలు మిగిలాయి. అందులో ఒకటి మష్రూ ముక్క, తెల్లటి చారలది. మష్రూ అంటే షరీఅత్‌కు సమ్మతమైనది. మగవాళ్లకు పట్టు మనాయీ కాబట్టి, పైకి పట్టు కనిపించి ఒంటికి నూలు తగిలేట్టు నేసిన బట్ట. పడుగు పట్టు, పేక నూలు. నాకు ఒక ఖయాల్ వచ్చింది. అంచు నుంచి వేలెడు ముక్క కత్తిరించి, పేరు రాసి ఉన్న డబ్బాలోని నారింజ తిండి రంగు, అర చెక్క నిమ్మరసంతో సన్నటి సెగ మీద పెట్టాను. అరగంట తర్వాత జాడిస్తే పైన పట్టు ముఖం జాఫ్రానీ, తిప్పితే వెనక నూలు దాదాపు ఎప్పటి తెలుపే. ఒకే బట్ట, ఒకే గిన్నె. నేను మురిసిపోయి చూపిస్తే, అమ్మీ కత్తిరించిన అంచు వైపు చూసి నన్ను చాలా తిట్టింది. అది ఇక్కడ రాయదగినది కాదు.

చాంద్ రాత్‌కు రెండు రోజుల ముందు, తరావీహ్ అయ్యాక, భాంజీ వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున. ఎరుపు బాగానే వచ్చింది, రెండో దుపట్టాకు ఊదా కావాలని ద్రాక్ష పొట్లాలు వేసిందట. ఒక చోట నీలం, ఒక చోట గులాబీ, మచ్చలు మచ్చలుగా వచ్చింది. ఏడుపు ముఖం పెట్టింది. ద్రాక్ష పొట్లంలో ఎరుపు, నీలం రెండు రంగులు కలిపి ఉంటాయి. ఒకటి ముందు, ఒకటి వెనక ఎక్కుతాయి. ఇది నేను చదివి తెలుసుకున్నది. చెప్పబోయేలోపు అమ్మీ ఫోన్ లాక్కుంది.

"సిర్కా పోసినావా?"

"హా నానీ, ఒక కప్పు."

"వేడి నీళ్లలోనే పడేసినావా బట్టని?"

"హా."

"నక్కో మా. తుర్షీ ఎక్కువైతే రంగు పరుగెత్తుతుంది, ఎక్కడ దొరికితే అక్కడ పట్టేసుకుంటది. నీ పొట్లంలో ఖట్టా ముందే ఉందని మామూ అంటున్నాడు కదా, సిర్కా ఎందుకు? చల్ల నీళ్లలో మొదలుపెట్టు. సెగ మెల్లగా పెంచు. చెంచా ఆపకు."

గంట తర్వాత మళ్లీ కాల్. అమ్మీ దుపట్టా చూడలేదు. "పానీ దిఖా" అంది. పిల్ల ఫోన్‌ను గిన్నె మీదికి వంచింది. నీళ్ల అడుగున గిన్నె స్టీలు కనిపిస్తోంది.

"బస్. తియ్యి. నీడలో ఆరెయ్యి, ఎండలో కాదు."

ఇదంతా నీకు ఎవరు నేర్పారు నానీ అని పిల్ల అడిగింది. అమ్మీ ఒకసారి నా వైపు చూసింది. తర్వాత తన అమ్మ పేరు చెప్పింది, రంగాయీ చేసి మమ్మల్ని పెంచింది అని చెప్పింది, దుపట్టాకు ఎంత తీసుకునేదో చెప్పింది. మెహందీ సంగతి కూడా చెప్పింది. చికాగోలో ఆ పిల్ల కెమెరా ముందు తన పది వేళ్లు చాపి చూపించింది, గోళ్ల దాకా ఊదా. సహ్రీకి లేవాలి, ఇక పడుకోమని నేను రెండు సార్లు అన్నాను. ఇద్దరూ వినలేదు.